దగ్గరకూ దూరానికీ ఒకటే మాట

ఒంగోలు,
ఆదివారం సాయంత్రం

ప్రియ మిత్రునికి,

వందనాలు. నీ ఉత్తరం గురువారం చేరింది. ఈశాన్య థాయిలాండులో సేవకు సంఘం నిన్ను ఎంచుకున్నదనీ, జూన్‌లో ప్రయాణమనీ చదివి ఎంత సంతోషించానో, ఆ తరువాతి పేరా చదివి అంత కంగారుపడ్డాను. భాష రాకపోయినా అనువాదకుణ్ణి ఇస్తామన్నారనీ, మొదటి నెలలోనే నాలుగు కూటాలు పెట్టదలచావనీ వ్రాశావు. అక్కడ రెండేళ్ళు ఉండి వచ్చినవాణ్ణి కనుక కొంచెం పొడుగ్గానే జవాబిస్తున్నాను; కోపం తెచ్చుకోకుండా చదువు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. చేరిన రెండో ఆదివారమే నలభై నిమిషాలు ప్రసంగించాను. మన కందుకూరు కూటాలలో జనాన్ని ఏడిపించిన చింతచెట్టు ఉపమానాన్ని అక్కడా చెప్పాను. జనం శ్రద్ధగా విన్నారు, చివర చేతులు జోడించారు, నేను ఇంటికి చాలా గొప్ప ఉత్తరం వ్రాసుకున్నాను. నాకు కాస్త మాట వచ్చాక, నాలుగు నెలలకు అనువాదకుడే నవ్వుతూ ఒప్పుకున్నాడు: చింతచెట్టు సంగతి తనకు అంతుపట్టక, దాని బదులు తప్పిపోయిన కుమారుని కథ చెప్పాడట. నిజానికి నా కథ కంటె అదే మంచిది, కాని ఆ రోజు అక్కడ మాట్లాడినది నేను కాదని తెలిసి సిగ్గుపడ్డాను.

ఆ భాష మనల్ని మోసం చేస్తుంది. భాషను వాళ్ళు ‘ఫాసా’ అంటారు, ఆహారాన్ని ‘ఆహాన్’, గురువును ‘ఖ్రూ’, సుఖదుఃఖాలను ‘సుక్’, ‘తుక్’ అంటారు. ‘మిత్’ అంటే మిత్రుడే. ఇవి వినగానే మనవాడికి సగం భాష వచ్చేసినట్లే అనిపిస్తుంది. తక్కిన సగమంతా గొంతులో ఉంది. థాయిలో స్వరాలు ఐదు. ‘క్లయ్’ అనే మాటను గొంతు సమంగా ఉంచి పలికితే దూరమని అర్థం, పైనుంచి కిందికి దించి పలికితే దగ్గరని అర్థం. ఒకనాడు నేను దారి అడిగితే ఒకాయన దూరమని చెప్పాడు, నేను దగ్గరని విన్నాను. ఏప్రిల్ ఎండలో రెండు గంటలు నడిచి ఊరి చివర సొమ్మసిల్లబోతుంటే, ఒక ముసలావిడ మెట్ల మీదనుంచి కేకవేసి, నన్ను నీడలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. నా సేవ మొదలైనది ఆ మెట్ల మీదనే అని ఇప్పుడు అనుకుంటాను.

ఆవిడను ‘యాయ్’ అనేవాణ్ణి, అమ్మమ్మ అని అర్థం. మనలాగే వాళ్ళు కూడా దారిన పోయేవాళ్ళను సైతం వరుసపెట్టే పిలుస్తారు. పొద్దున సంతలో కాల్చిన కోడిమాంసమూ, జిగురన్నమూ అమ్మేది. ఆ బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, తెల్లవారుజామున వెదురు బుట్టలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. మొదటిసారి పెట్టినప్పుడు నేను మన అలవాటు ప్రకారం దానిమీద పులుసు పోసి కలపబోయాను. ఆవిడ పకపకా నవ్వి, నా మణికట్టు పట్టుకుని, మూడు వేళ్ళతో చిన్న ముద్ద చేసి కారంలో అద్దుకోవడం నేర్పింది. పులియబెట్టిన చేపను మాత్రం ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. కొత్తపట్నం ఎండుచేపల వాసనలో పెరిగినవాడికి అదొక లెక్కా?

అప్పటినుంచి సాయంత్రమైతే అక్కడే. ఆవిడ ముందు కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, చూపించిన వస్తువు పేరునల్లా తెలుగు లిపిలో వ్రాసుకునేవాణ్ణి. మన లిపిలో స్వరాలకు గుర్తులు లేవు కనుక అక్షరాల మీద పైకీ కిందికీ బాణాలు గీసుకున్నాను. తరగతిలో నేర్పేది బ్యాంకాకు థాయి, ఆవిడ ఇంట్లో మాట్లాడేది లావోకు దగ్గరైన ఈసాన్ మాట కావడంవల్ల సగం బాణాలు తప్పయ్యేవి. నేను చదివి వినిపిస్తే మనవలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. ముప్పయి నాలుగేళ్ళ మనిషిని పట్టుకుని పిల్లలు దిద్దుతుంటే మొదట్లో గర్వం దెబ్బతింటుంది. నాకు అది అవసరమైన దెబ్బ. మనం ఇచ్చేవాళ్ళమనీ, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళనీ అనుకుని బయలుదేరుతాము. భాష రానివాడు మాత్రం నీళ్ళ దగ్గరనుంచి మాట దాకా అన్నీ అడిగి పుచ్చుకోవలసినవాడే.

మన ఊరి సంగతే చూడు. 1854 జనవరి 1న తెల్లవారక ముందు ఇక్కడి కొండ ఎక్కి ప్రార్థించినది ఐదుగురు: అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, వాళ్ళతో ముగ్గురు తెలుగువాళ్ళు. ప్రసంగాలలో దొరలిద్దరి పేర్లే వినిపిస్తాయి. 1866లో ఇక్కడికి కాపురం వచ్చిన అదే మిషను క్లౌ దొరకు దాదాపు నలభై మైళ్ళ అవతల పల్లెలో తలుపులు తెరిచినది ఆయన ప్రసంగం కాదు, తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి. పేరయ్య ముందే చెప్పి ఉంచిన మనుషుల మధ్యకు దొర వెళ్ళి కూర్చున్నాడు, అంతే. కరువు కాలంలో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించినప్పుడు కూడా, కూలీలు నడుము వాల్చిన వేళ పక్కన కూర్చుని మాట్లాడినది తెలుగు బోధకులే. ఆ ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి ఇచ్చిన సంగతిని మనం బడిలో లెక్కలాగా వల్లెవేశాము. దానికి ముందు ఆపి ఉంచిన ఆ నెలల సంగతి మాత్రం మనకెవరూ చెప్పలేదు. నాకు ఆ ఆపడమే పెద్ద పని అనిపిస్తుంది.

మన నెల్లూరు నుంచి 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మిషనరీగా వెళ్ళిన జాన్ రంగయ్యగారిని ఆదర్శమని వ్రాశావు. నిజమే, కాని ఆయన వెళ్ళినది అక్కడి తెలుగు కూలీల దగ్గరకు. నీకు ఆ వెసులుబాటు లేదు.

ఇక యాయ్ సంగతి. ఏడాది దాటాక ఆవిడ కొడుకు మోటారుసైకిలు మీదనుంచి పడ్డాడు. ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో ఆవిడ పక్కన కూర్చున్నాను. ధైర్యం చెప్పడానికి నాకు మాటలు లేవు, అందుకే నోరు మూసుకుని ఉండగలిగాను. తెలుగులోనైతే నాలుగు వచనాలు అప్పజెప్పి ఉండేవాణ్ణి. మూడు గంటల వేళ ఆవిడే అడిగింది, నీ వాళ్ళను వదిలి ఇక్కడికి ఎందుకు వచ్చావని. ఫ్రా యేసు అనే ఆయన నన్ను ప్రేమించాడనీ, ఆ మాట చెప్పడానికే వచ్చాననీ, ఇంతలో నువ్వే నాకు అన్నం పెట్టావనీ చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “ఆయనకు అమ్మ ఉందా?” అని అడిగింది. సిలువ దగ్గర నిలబడిన తల్లి సంగతిని నాకు వచ్చిన ఐదారు వాక్యాలలో చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ‘ఖావ్ జాయ్’ అన్నది. అర్థమైంది అనడానికి వాళ్ళ మాట అది. విడదీస్తే మనసులోకి ప్రవేశించడం.

కొడుకు కోలుకున్నాడు. ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు, ఈనాటికీ తెల్లవారగానే భిక్షువులకు అన్నం పెడుతుంది. ఇక్కడికి పంపిన నివేదికలో అంకెల గడిలో సున్నా వేశాను. నువ్వూ వేయవలసి వస్తే నిజమే వెయ్యి. ఎందుకు వచ్చావని అడిగినవాళ్ళకు దాచకుండా చెప్పు. కాని వాళ్ళు రాలేదని స్నేహం తెంచుకుంటే, అంతకు ముందు నువ్వు చేసినది స్నేహం కాదు, గాలానికి గుచ్చిన ఎర.

ఒక్క విషయంలో మాత్రం నీతో వాదించడానికి సిద్ధంగా ఉన్నాను. నేను బయలుదేరే రోజున యాయ్ తెల్లటి నూలుదారం తెచ్చి, దీవిస్తూ నా మణికట్టుకు కట్టింది; ప్రాణం చెదరకుండా ఒంట్లో నిలవాలని అక్కడ అలా కడతారు. తాయెత్తులు తెంపి పారేసిన ఇళ్ళలో పుట్టినవాళ్ళం మనం. అక్కడి సంఘపెద్దలలో ఇద్దరు ముఖం చిట్లించారు. నేను చెయ్యి చాచాను, తరువాత నాకు తెలిసిన ప్రార్థనను ఆవిడ భాషలో ఆవిడ కోసం చేశాను, ఆవిడ తల వంచి నిలబడింది. తప్పంటే తప్పే అనుకో.

ఆ బాణాల నోట్‌పుస్తకం నా దగ్గరే ఉంది. మేలో ఒక రోజు తీరిక చేసుకుని ఒంగోలు రా, ఇస్తాను. వచ్చేటప్పుడు అమ్మ చేసిన గోంగూర పచ్చడి పెద్ద సీసాతో తీసుకురా, సగం నాకు, సగం యాయ్‌కి. ఆవిడ ఇంటికి ఎలా వెళ్ళాలో కాగితం మీద గీసి ఇస్తాను. అమ్మకు నా వందనాలు చెప్పు.

నీ మిత్రుడు