సంతకం పెట్టనన్న అమ్మాయి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని చదివి మనసు కుదుటపడింది. చుక్కల మందు మాత్రం టైముకి వేయించు.

ఇక్కడ కాలేజీలో ఒక గొడవ నడుస్తోంది. లాయరువి కాబట్టి నీతోనే చెప్పుకోవాలి. మా సోషల్ వర్క్ పిల్లలకి ఈ సెమిస్టర్‌లో గ్రూప్ ప్రాజెక్టు ఉంది. జనం రెండుగా చీలిపోయే నైతిక సమస్య ఒకటి తీసుకుని, ఒక పక్షాన నిలబడి బయట ప్రచారం చెయ్యాలి. మార్కులు గ్రూపు మొత్తానికీ కలిపి ఇస్తారు. ఒక గ్రూపు లివింగ్ విల్ తీసుకుంది, అంటే కోలుకునే ఆశ లేకపోతే నాకు వైద్యం ఆపెయ్యండని మనిషి ముందే రాసిపెట్టుకునే కాగితం. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకున్నా, ఇలాంటి కాగితం రాసుకోవచ్చని మనవాళ్ళలో చాలామందికి ఇప్పటికీ తెలీదు. 2023లో మేజిస్ట్రేట్ సంతకం అక్కర్లేదు, నోటరీ చాలన్నాక పని తేలికైంది కూడా.

ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డులో ఫ్లెక్సీ కట్టి, వాకింగుకొచ్చిన వాళ్ళకి మార్కర్ ఇచ్చి సంతకాలు అడిగారు. ఒక పెద్దాయన ఆగి, "అంటే సూది మందిచ్చి చంపేస్తారా బాబూ?" అన్నాడు. అది ఇప్పటికీ నేరమేనని, ఇది కోలుకునే ఆశ లేనప్పుడు వైద్యం ఆపడమేనని, దానికీ రెండు మెడికల్ బోర్డులు చూడాలని మా కుర్రాడు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఆయన సంతకం పెట్టలేదు గానీ కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకెంత సంతోషమేసిందో!

అదే గ్రూపులో ఒక అమ్మాయి మాత్రం ఫ్లెక్సీ మీద సంతకం పెట్టనంది. కరపత్రంలో సగం రాసింది ఆ పిల్లే. వాళ్ళ నాన్నమ్మ పక్షవాతంతో ఏళ్ళ తరబడి మంచంలో ఉందట. "ముక్కులో గొట్టం ఉన్నా నా గొంతు వింటే వేళ్ళు కదిపేది సార్. గొట్టం తీసెయ్యొచ్చని నేను ఊళ్ళోవాళ్ళకి ఎలా చెప్పను?" అంది. తోటి పిల్లలు మా మార్కులు పోతాయని అలిగారు. మా లెక్చరర్లలో ఒకరు ఆ అమ్మాయికి మార్కులు కొయ్యాల్సిందే అంటున్నారు.

నేను లివింగ్ విల్ పక్షమేరా, నాదీ రాయించుకుంటాను. అయినా ఆ పిల్ల మాట తీసిపారేసేది కాదు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో, దాడిలో మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమైన నర్సు అరుణా షాన్‌బాగ్‌ని 2015లో పోయేదాకా, నలభై ఏళ్ళకు పైగా చూసుకున్న నర్సులూ ఆమె ఆహారం ఆపొద్దనే కదా పట్టుబట్టారు! 2011లో కోర్టు కూడా వాళ్ళ మాటకే విలువిచ్చింది.

కేరళ పిల్లల కేసు నువ్వే నాకు చెప్పావు. జాతీయ గీతానికి లేచి నిలబడి, మత విశ్వాసం వల్ల గొంతు కలపలేదని బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు మళ్ళీ చేర్చుకోమంది. అమెరికాలో అచ్చం మా గొడవలాంటిదే జరిగింది. స్వలింగ జంటల దత్తతను సమర్థిస్తూ చట్టసభకి రాసే ఉత్తరంలో సంతకం పెట్టనన్న సోషల్ వర్క్ విద్యార్థిని, 2006లో మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీ మీద కోర్టుకెక్కింది. యూనివర్సిటీ రాజీకొచ్చింది.

ఇదంతా చెబితే స్టాఫ్ రూములో కొందరు, ఈ తలనొప్పెందుకు, మొక్కలు నాటించి ఫొటోలు తీయిద్దాం అంటున్నారు. అదీ నాకు మింగుడుపడటం లేదు. రేపు ఆసుపత్రుల్లో, కోర్టుల్లో ఇలాంటి కుటుంబాల మధ్యే పనిచెయ్యాల్సిన పిల్లలు వీళ్ళు. ఆ పెద్దాయన అడిగినలాంటి ప్రశ్నలు ఇప్పుడు కాకపోతే ఎప్పుడు ఎదుర్కొంటారు?

అందుకే రూలు మార్చమని రాస్తున్నాను. చదివినదానికి, చెప్పిన విషయం నిజమైనదానికి, ఎదుటివాడి వాదన సరిగ్గా వివరించినదానికి మార్కులు. సంతకం, ఫ్లెక్సీ దగ్గర నిలబడటం ఎవరిష్టం వాళ్ళది. ఒప్పుకోనివాళ్ళు జడ్జీల్లాగే భిన్నాభిప్రాయం విడిగా రాసివ్వొచ్చు, దానికీ అంతే విలువ. ఆ అమ్మాయి అప్పుడే రాయడం మొదలుపెట్టింది.

డిపార్ట్‌మెంట్ మీటింగ్ వచ్చే వారమే. ముసాయిదా దీంతో పంపుతున్నాను. ఎక్కడ పట్టు దొరక్కుండా జారిపోతుందో ఎర్ర ఇంకుతో గీసి, శుక్రవారంలోగా నాకు అందేలా చూడరా.

నీ
రఘు