ఎస్టీపీ గేటు దగ్గర ఫలితాల బోర్డు పెట్టాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నెల్లూరు భూగర్భ డ్రైనేజీ గురించి ఎప్పుడు మాట్లాడినా ఎన్ని కిలోమీటర్ల పైపు వేశారు, ఎన్ని కోట్లు ఖర్చయింది అన్నదే చెబుతారు. ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసి వదిలే నీళ్లు ఎలా ఉన్నాయో మాత్రం చెప్పరు. జనానికి తెలియాల్సింది అదే.

డ్రైనేజీ ఉన్న ఊళ్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. అందులో దాదాపు 80 శాతం మురుగై తిరిగొస్తుంది. 2011 నాటికే మన ఊరి జనాభా దాదాపు 5 లక్షలు. అంటే రోజుకు 5 కోట్ల లీటర్లకు పైనే మురుగు! ఇళ్ల కనెక్షన్లు పైపులకు కలపకపోతే అదంతా పాత దారిలోనే సర్వేపల్లి కాలువకు, జాఫర్ సాహెబ్ కాలువకు, పెన్నా ఏటికి చేరుతుంది. ఏట్లో పారకం లేని నెలల్లో దాన్ని పలుచన చేసే నీళ్లే ఉండవు. కింద ఇందుకూరుపేట వైపు వరి పొలాలున్నాయి, రొయ్యల గుంటలున్నాయి. పెన్నా నీళ్లతో నిండే స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగకు లక్షల మంది దిగుతారు. స్నానం చేసే నీళ్లలో బీఓడీ (నీళ్లలోని మురుగును తినడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్ లెక్క) లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే చెప్పింది.

ప్లాంటు కట్టగానే పని అయిపోదు. అక్కడ మురుగును తినేది సూక్ష్మజీవులు. వాటికి బ్లోయర్లతో గాలి అందుతూనే ఉండాలి. కరెంటు బిల్లుకు భయపడి బ్లోయర్లు ఆపితే ఆ సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, మళ్లీ కోలుకోవడానికి రోజులు పడుతుంది. మండలి 2021 లెక్కల్లో దేశంలోని పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు). కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అయింది 20,235 మాత్రమే. కట్టిన దాంట్లోనే మూడో వంతుకు పైగా ఉత్తినే పడి ఉందన్నమాట. ఈ లెక్క చూస్తే బాధేస్తుంది.

మన కండలేరు నీళ్లు తాగే చెన్నైలో, కోయంబేడు దగ్గర మురుగును ఆర్‌ఓ దాకా శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు పంపుతున్నారు. మనకు అంత లేకపోయినా ఫరవాలేదు, ఉన్నది సరిగ్గా నడిస్తే చాలు.

తేటగా కనబడే నీళ్లలోనూ కోలిఫాం (మలం ద్వారా చేరే బ్యాక్టీరియా) ఉండొచ్చు. అది ల్యాబ్‌లో తేలాల్సిందే. అందుకే ప్రతి ఎస్టీపీ గేటు దగ్గర, వార్డు సచివాలయాల్లో బోర్డులు పెట్టి తాజా బీఓడీ, కోలిఫాం ఫలితాలు తేదీతో సహా తెలుగులో రాయాలి. బీఓడీ పరీక్షకే మూడు రోజులు పడుతుంది కాబట్టి ఏ రోజు తీసిన నీళ్లో కూడా చెప్పాలి. బ్లోయర్లు ఎన్ని గంటలు తిరిగాయో, ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇచ్చారో పక్కనే వేయాలి. వచ్చే రొట్టెల పండుగలోపు అధికారులు ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
మూలాపేట, నెల్లూరు