గెస్టుల పుట్టినరోజు కేకుల గురించి

గ్రూపులో అందరికీ నమస్కారం. మన రూముల్లో దిగిన గెస్టులకి పుట్టినరోజో పెళ్లిరోజో వస్తే కేకు మనమే చేసి ఇద్దామనుకునేవాళ్ల కోసం ఇది. గుడ్డు తింటారా, బాదం, జీడిపప్పు లాంటివి పడతాయా అని రూమ్ బుక్ చేసేటప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. సర్‌ప్రైజ్ అయినా ఇది మానొద్దు, బుక్ చేసినవాళ్లని అడగొచ్చు కదా!

ఇద్దరికి 6 అంగుళాల కేకు చాలు. స్పాంజ్‌ని ముందురోజే 175 డిగ్రీల దగ్గర బేక్ చేసి, పూర్తిగా చల్లారాక గాలి తగలకుండా చుట్టి ఉంచండి. వేడి మీద క్రీమ్ పూస్తే కరిగి పక్కలకి జారిపోతుంది. వెన్నతో చేసిన కేకు ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే గంట ముందు బయటికి తీయండి. చల్లగా వడ్డిస్తే వెన్న బిగుసుకుపోయి, తాజా కేకు కూడా ఎండిపోయినట్టు అనిపిస్తుంది. తాజా క్రీమ్ పూసిందైతే మాత్రం చివరిదాకా ఫ్రిజ్‌లోనే.

సంగతి సాయంత్రానికి గానీ తెలియలేదా? టెన్షన్ వద్దు. కుకీ పిండి ఉండలు ముందే చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, అవి కరిగేదాకా ఆగక్కర్లేదు, నేరుగా ఓవెన్‌లో పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే సరి. నన్నడిగితే కేకు కన్నా ఇవే మేలు, వాసన గదుల దాకా వెళ్తుంది.

కేకు మీద పేరు రాసేముందు మాత్రం స్పెల్లింగ్ బుకింగ్‌లో చూసుకోండి.