రంభ రేవులో కలిసిన పెద్దాయనకు

బరంపురంలో మా పెరట్లో బోర్లా పడి ఉన్న పాత అల్యూమినియం మోటారు పడవ మొన్న ఆదివారం చిలికా సరస్సులో తేలింది. అందుకు కారణమైన మీ పేరైనా అడగలేదు, తప్పు నాదే.

ఆ రోజు నా చేతిలో రాగి కలిసిన రంగు డబ్బా, ఇనుప బోల్టులు చూసి మీరు సైకిలు ఆపారు. "ఉప్పునీళ్లలో ఇవే మీ పడవను తినేస్తాయి బాబూ" అన్నారు. రాగి, ఇనుము లాంటి లోహం తగిలితే ముందు కరిగేది అల్యూమినియమేనట. "కారే చోటు తెలియాలంటే పడవను నీళ్లలో వేయకండి, పడవలోనే నీళ్లు పోయండి" అన్నారు.

ఇంటికొచ్చి పడవను వెల్లకిలా తిప్పి, దుంగల మీదకెక్కించి, బిందెలతో నీళ్లు పోశాను. అడుగున పడుకుని చూస్తే రేకులను కలిపి బిగించే మేకుల్లాంటి రివెట్లలో పదిహేడింటి దగ్గర చెమటలా నీరు ఊరింది. సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. నేను అనుమానించిన అతుకు మాత్రం చుక్క కారలేదు! లోపల తమ్ముడు దిమ్మె ఆనించి పట్టుకుంటే, బయట నేను అల్యూమినియం రివెట్లే కొట్టాను.

ఇంజను ఇంకా దగ్గుతోంది, అది వేరే రామాయణం.

ధన్యవాదాలండీ. పచ్చ అంచు పడవ కనిపిస్తే ఒక్క కేక వేయండి, ఎక్కించుకుంటాను.