మనుషుల తేదీ సరే, సరుకుల బండి ఎప్పుడు? అంతరిక్ష శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఇది నాలుగో ఉత్తరం. మొదటి రెండూ రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. అది ఎత్తేశాక మూడోది స్పీడ్ పోస్టులో పంపాను. రసీదులు దాచుకున్నాను. అవి ఏ గుమ్మం దాకా వెళ్లి ఆగాయో తెలియదు. మీ చేతికి అంది ఉంటే జవాబు రాకుండా ఉంటుందా అన్న నమ్మకంతో ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను సైన్యం సరఫరా విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉండేది సూళ్లూరుపేట. శ్రీహరికోట షార్‌లో పెద్ద రాకెట్ లేచినప్పుడల్లా మా వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. వీధంతా మేడలెక్కి చప్పట్లు కొడుతుంది. నాకేమో ఒకటే ధ్యాస: మనం అంతరిక్షంలో కట్టబోయే స్టేషన్‌కి బియ్యం మోసే బండి ఎప్పుడు లేస్తుంది?

నవ్వకండి. లద్దాఖ్‌లో మంచు పడి దారి మూసుకుపోకముందే ఆరు నెలల రేషన్ కొండెక్కించేవాళ్లం. కిరోసిన్ డబ్బా నుంచి బూట్ల లేసు దాకా లెక్కే. పైన ఎంతమందిని ఉంచాలో చివరికి తేల్చేది గోదాములో మిగిలిన సరుకే. 2028కి మొదటి మాడ్యూల్, 2035కి పూర్తి స్టేషన్ అన్నారు, సంతోషం. అక్కడికి సరుకు చేర్చే మానవరహిత నౌక పేరు గానీ, దాని తొలి పరీక్ష తేదీ గానీ మీ ప్రసంగాల్లో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

తేదీలంటే గుర్తొచ్చింది. 2022 కల్లా మనవాళ్లు అంతరిక్షంలో ఉంటారని 2018 ఆగస్టు 15న ఎర్రకోట మీద చెప్పారు. ఇప్పుడు 2027 అంటున్నారు. ప్రాణాలతో పని కాబట్టి తప్పుపట్టను. మనిషి ఐదేళ్లు ఆలస్యంగా వెళ్లినా ఫర్వాలేదండీ, వెళ్లినవాడికి అన్నం ఐదు నెలలు ఆలస్యమైతే ఎలా?

రష్యావాళ్లు 1978 జనవరి నుంచి ఈ పనిలో ఉన్నారు. వాళ్ల ప్రోగ్రెస్ నౌక తిండి, నీళ్లు, ఇంధనం దించి, స్టేషన్‌ని కాస్త పైకి నెట్టి, చెత్త నింపుకుని దిగొస్తూ గాలిలో కాలిపోతుంది. అంత పాతకాపులకే 1997లో ఏమైందో తెలుసు కదా. వాళ్ల మిర్ స్టేషన్ దగ్గరికి రిమోట్‌తో తెస్తున్న ప్రోగ్రెస్ అదుపు తప్పి స్పెక్టర్ మాడ్యూల్‌ని గుద్దింది. గాలి కారిపోతుంటే, తలుపుకు అడ్డంగా ఉన్న కేబుళ్లు కోసి మరీ దాన్ని మూశారు.

ఇక అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్ సంగతి. 2014 అక్టోబరు 28న దానికి సరుకు మోసే సిగ్నస్ నౌకతో లేచిన రాకెట్ అమెరికాలో నేలమీదే పేలినంత పనైంది. 2015 ఏప్రిల్ 28న వెళ్లిన ప్రోగ్రెస్ బొంగరంలా తిరుగుతూ పది రోజులకి బూడిదైంది. జూన్ 28న డ్రాగన్ అనే సరుకుల నౌకని మోస్తున్న ఫాల్కన్ రాకెట్ రెండున్నర నిమిషాల్లోపే ముక్కలైంది. మూడూ ఇరవై ఎనిమిదో తారీఖే, జాతకాలు చూసేవాళ్లు ఏమంటారో! అయినా పైనున్నవాళ్లు పస్తులుండలేదు. నెలల నిల్వ ఉంది, జులైలో మరో ప్రోగ్రెస్, ఆగస్టులో జపాన్ నౌక అందుకున్నాయి. ఒక దారి మూసుకుపోతే ఇంకోటి ఉంది. మనకెన్ని దారులు సార్?

అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలను కలిపే స్పేడెక్స్ ప్రయోగం చేశాం కదా అంటారు. చేశారు. 2025 జనవరి 16న అవి రెండూ అతుక్కున్నప్పుడు నేను మైసూర్‌పాక్ పంచాను. కానీ అవి ఒక్కోటి 220 కిలోలు. టన్నుల బండిని మనుషులున్న ఇంటికి తెచ్చి ఆనించడం వేరు.

2020లో కల్పనా చావ్లా పేరు పెట్టిన సిగ్నస్ నౌక అంతర్జాతీయ స్టేషన్‌కి కొత్త మరుగుదొడ్డి మోసుకెళ్లింది. ఆవిడ పేరున్న నౌకలో పంపేది అదా అని మా ఆవిడ చిన్నబుచ్చుకుంది. అదేనే అసలైన సరుకు, లేకపోతే తెలుస్తుంది అన్నాను.

కాబట్టి అయ్యా, బండి పేరు చెప్పండి. తేదీ చెప్పండి. మనుషులు స్టేషన్‌లో కాలుపెట్టకముందే దాన్ని నిండా బరువుతో రెండుసార్లు పంపి చూడండి. రెండో దారి ఏదో ఇప్పుడే ఖాయం చేసుకోండి. తేదీ మాత్రం తప్పక చెప్పండి. ఇవేవీ కుదరకపోతే ‘ఉత్తరం అందింది’ అని ఒక కార్డు ముక్కయినా రాయించండి. ఐదో ఉత్తరానికి కవరు కొనిపెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు, సూళ్లూరుపేట