గాలి కొట్టించుకుంటూ తిరగకు బిడ్డా

హనుమకొండ,
ఆదివారం రాత్రి

చిరంజీవి బిడ్డకు బాపు దీవెనలు.

కాజీపేటలో నిన్ను రైలెక్కించి వచ్చాక కారు తాళం చేతిలో పట్టుకుని చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాను. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా బాపూ, ఆ టైరేదో మార్పించేయ్, పైసలు పంపిస్తా" అంటావు. ఇది పైసలతో తేలే విషయం కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

స్క్రీన్ మీద టైరు గుర్తు వెలుగుతోందని, మూడు వారాలుగా రెండు రోజులకోసారి బంకులో గాలి కొట్టించుకుంటున్నానని సద్దుల బతుకమ్మ రోజు మాటల మధ్యలో చెప్పావు. అమ్మ గునుగు పూలు పేరుస్తూ వింది, నేనూ విన్నాను. పండుగ పూట నిన్ను ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మూడు వారాల్లోనే నువ్వు ఒకసారి హైదరాబాద్ నుంచి ఇంటికి వచ్చి వెళ్లావు. భువనగిరి దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే నువ్వు ఎంతలో వస్తావో నాకు తెలుసు, పక్క సీట్లో కూర్చుని చూశాను కదా.

సోమవారం పొద్దున ఎండెక్కకముందే గేజి పెట్టి చూశాను. మిగతా మూడు చక్రాల్లో 32, 33 పాయింట్లు (పీఎస్‌ఐ) ఉంటే ముందు ఎడమ దాంట్లో 19 ఉంది. చూడటానికి మాత్రం టైరు నిలబడే ఉంది. ఇలాంటి కార్ల టైర్లతో వచ్చే చిక్కే ఇది. ఆర్టీసీ డిపోలో బస్సు టైరును రాడ్డుతో కొట్టి చప్పుడు వింటే గాలి ఎంతుందో మాకు అర్థమయ్యేది. నీ కారు టైరు పక్కగోడ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మూడో వంతు గాలి పోయినా కంటికి తెలియదు, కాలితో తన్నినా తెలియదు. గేజి పెడితేనే తెలుస్తుంది.

ఆ లైటు గురించి కూడా చెప్పాలి. నీ కారులో టైరు లోపల కూర్చుని గాలిని కొలిచే సెన్సార్ లేదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం పెట్టిన సెన్సార్లే ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తుంటాయి. గాలి తగ్గిన చక్రం కొంచెం కుంగి, అదే దూరానికి మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ తేడాను పట్టుకుని లైటు వేస్తుంది. నువ్వు గాలి కొట్టించిన ప్రతిసారీ స్క్రీన్ మీద సెట్ నొక్కి లైటు ఆర్పేశానన్నావు. ఆ సమయంలో గాలి సరిగ్గా లేకపోతే, ఆ తక్కువ గాలినే అది సరైనదని గుర్తు పెట్టుకుంటుంది. పైగా నువ్వు బంకుకు వెళ్లేది ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు, టైరు వేడి మీద ఉన్నప్పుడు. వేడి టైరులో మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అక్కడ 32 అని చూసుకున్నావంటే తెల్లారి చల్లబడ్డాక 28 ఉన్నట్టు. లీకుతో పోయేది ఇంకా వేరే.

చక్రం ఊడదీసి మన ములుగు రోడ్డులోని పంక్చర్ షాపుకు తీసుకెళ్లాను. ముందు వాల్వ్ మీద నీళ్లు వేసి చూశాం, బుడగ రాలేదు. వాల్వ్ పిన్ను వదులైనా, వాల్వ్ రబ్బరు ఎండకు పగిలినా ఇలాగే కొద్దికొద్దిగా పోతుంది, అది చిన్న ఖర్చుతో పోయే రోగం. అల్లాయ్ రిమ్ముకు టైరు అంచు పట్టుకునే చోట తుప్పు పొడిలాంటిది పేరుకున్నా, గుంతలో పడి రిమ్ము వంగినా లీకవుతుంది. అవీ లేవు. తొట్టిలో ముంచి తిప్పితే రోడ్డును తాకే ట్రెడ్డుకూ పక్కగోడకూ మధ్య, మేం భుజం అనే చోట, సన్నటి బుడగల వరుస వచ్చింది. ఒక స్క్రూ. తల అరిగిపోయి రబ్బరులో కలిసిపోయి ఉంది.

షాపు పిల్లవాడు మంచివాడే. "స్ట్రిప్ వేసిస్తా అంకుల్, అయిదు నిమిషాల పని" అన్నాడు. వద్దన్నాను. ట్రెడ్డు మధ్యలో, 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రం పడితే అతకవచ్చు. అప్పుడు కూడా బయటి నుంచి స్ట్రిప్ దూర్చి వదిలేయడం కంటే, టైరు విప్పి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగులా కాడ, గొడుగు ఉండే రబ్బరు అతుకు) వేయించడమే సరైన పద్ధతి. భుజం దగ్గర, పక్కగోడలో అతకకూడదు. చక్రం తిరిగిన ప్రతిసారీ అక్కడి రబ్బరు వంగి లేస్తుంటుంది, ఏ అతుకూ అక్కడ నిలవదు.

అయినా టైరు విప్పించాను. లోపల చేయి పెడితే వేళ్లకు నల్లటి పొడి అంటింది. పక్కగోడ లోపలి వైపు చుట్టూ ఒక గీతలాగా రబ్బరు నలిగి రాలుతోంది. గాలి తక్కువగా ఉన్న టైరును వేగంగా నడిపితే పక్కగోడ అతిగా వంగుతూ వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి దారాలకూ రబ్బరుకూ ఉన్న పట్టు వదిలిపోతుంది. తర్వాత నిండా గాలి కొట్టించినా ఆ దెబ్బ మానదు. బయటికి కొత్తదానిలాగే కనిపించే ఆ టైరు ఏదో ఒక మధ్యాహ్నం, 110 వేగంలో, ఒక్కసారిగా చీలిపోతుంది. నువ్వు మొన్న జనగామ బైపాస్ మీదుగా వచ్చింది ఆ టైరు మీదే. షాపులో స్టూలు వేయించుకుని కూర్చుండిపోయాను బిడ్డా.

అందుకే అతికించలేదు. స్టెప్నీ వేసి కారును ఇంట్లో పెట్టాను. ఇప్పుడు ఏ టైర్లు వేయాలన్న సంగతి.

అన్నీ చూశాను. నాలుగూ కారుతో వచ్చినవే. పక్కగోడ మీద డాట్ అని ఉన్న వరుసలో చివరి నాలుగు అంకెలు 3222, అంటే 2022లో 32వ వారంలో తయారైనవి. ట్రెడ్డు వెనక 4 మిల్లీమీటర్లు ఉంది, ముందు 2.5 మాత్రమే. కొత్త టైరుకు 8 దాకా ఉంటుంది. గాడుల మధ్య చిన్న గట్లు కనిపిస్తాయి చూడు, రబ్బరు ఆ గట్ల దాకా అరిగితే 1.6 మిగిలినట్టు. చట్టం ఒప్పుకునేది అంతవరకే. కానీ వానలో చూస్తే 3 కిందికి వచ్చినప్పటి నుంచే నీళ్లను పక్కకు తోసే శక్తి బాగా తగ్గిపోతుంది. నీ కారు ఇంజను 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాన్ని తిప్పే బలం), అదంతా ముందు రెండు చక్రాల మీదుగానే రోడ్డుకు చేరాలి. అందుకే ముందువి అంత తొందరగా అరిగాయి. నాలుగు చక్రాలు రోడ్డును తాకేది కలిపి నాలుగు అరచేతులంత మేర. ఆ ఇంజనైనా, బ్రేకులైనా, నువ్వు పొగిడే ఆ స్టీరింగైనా పనిచేసేది ఆ నాలుగు అరచేతుల మీదే.

నువ్వు 17 ఇంచుల రిమ్ములు వేయించమన్నావు. లెక్క వేశాను. ఇప్పుడున్న 205/55 ఆర్16 టైరు ఎత్తు 632 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17 వేస్తే 634. ఎత్తులో పెద్దగా తేడా లేదు కాబట్టి స్పీడోమీటరు తప్పదు, నువ్వు చదివింది నిజమే. కానీ పక్కగోడ 113 నుంచి 101కి తగ్గుతుంది. ఆ 12 మిల్లీమీటర్ల రబ్బరే గుంతకూ రిమ్ముకూ మధ్య అడ్డుగా ఉండేది. గచ్చిబౌలిలో ఫరవాలేదేమో. మన వైపు రోడ్లు నీకు తెలుసు. నాట్లప్పుడు దమ్ము చేసే ఇనుప చక్రాలు, కేజ్‌వీల్స్, ఉన్న ట్రాక్టర్లు తారు మీద నడిచి రోడ్డును కొరికేస్తాయి. ఇంకో నెలైతే వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు, కుప్పల చుట్టూ రాళ్లు పేరుస్తారు, వడ్లు ఎత్తుకుపోయాక ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. చీకట్లో వాటి మీదికెక్కితే పక్కగోడ చిట్లుతుంది, రిమ్ము కూడా వంగుతుంది. పైగా టైరు వెడల్పు పెరిగితే నిలిచిన నీళ్ల మీద తేలే గుణమూ పెరుగుతుంది. నా మాట విని 16లోనే ఉండు. ఆ రిమ్ముల డబ్బు కూడా మంచి రబ్బరు మీద పెడదాం.

సైజు పక్కన 91వీ అని ఉంటుంది. 91 అంటే ఆ టైరు 615 కిలోలు మోయగలదు, వీ అంటే 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదు. హెచ్ అయితే 210, టీ అయితే 190. "మనం అంత వేగం పోతామా సార్" అని ఒక షాపాయన తక్కువ ధరలో టీ రకం చూపించాడు. మనం అంత వేగం పోము, నిజమే. కానీ ఆ అక్షరం చెప్పేది వేడిని తట్టుకునే శక్తి గురించి. మే నెలలో మన రోడ్ల మీద కాలే తారుకు, ఆ టర్బో ఇంజనుకు కంపెనీ ఇచ్చిన దానికంటే తక్కువ రకం నేను వేయించను.

ఇక రకం. మిషెలిన్‌లో ప్రైమసీ 4 ఎస్‌టీ చప్పుడు లేకుండా, మెత్తగా పోయే తరహా. పైలట్ స్పోర్ట్ 4 పట్టు కోసం చేసింది. యోకోహామా, కాంటినెంటల్, బ్రిడ్జ్‌స్టోన్‌లలో కూడా ఇలా రెండు తరహాలూ ఉన్నాయి. మనవాళ్లలో అపోలో ఉంది, ఎమ్మార్ఎఫ్‌కైతే మన సదాశివపేటలోనే ఫ్యాక్టరీ ఉంది. పట్టు ఎక్కువ కావాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి, మెత్తటి రబ్బరు తొందరగా అరుగుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదరదు, "అన్నీ ఉన్నాయి" అని చెప్పే షాపాయనను నమ్మకు. నేను నీ జాగ్రత్త కోసం మెత్తగా పోయే రకమే వేయిస్తాననుకుంటున్నావేమో. నా మనసు స్పోర్ట్ రకం వైపే ఉంది. నువ్వు ఆ కారు కొన్నది నడపడం ఇష్టమని. మలుపులో నీ ముఖం వెలగడం నేను చూశాను, ఆ సంతోషాన్ని ఎందుకు తీసేయాలి? దానికి తోడు తడి రోడ్డు మీద గేదె అడ్డం వచ్చిన రోజున ఆ పట్టే నిన్ను పది అడుగుల ముందు ఆపుతుంది. పదిహేను వేల కిలోమీటర్లు తక్కువ వచ్చినా సరే. మన సైజులో ఈ ఏడాది తయారైన స్టాకు దొరికితే అవే, లేదంటే ప్రైమసీ. ఏడాదిన్నర గోడౌన్‌లో పడి ఉన్నది డిస్కౌంట్ ఇచ్చినా వద్దు. ధరలు చీటీ మీద రాయించాను, ఫొటో పంపుతాను.

నాలుగూ మార్చుదామని నా మాట. ఈ నెల కష్టమంటే రెండే వేయిద్దాం, అవి మాత్రం వెనక్కి వేయిద్దాం. ముందు చక్రాలే లాగేది, కొత్తవి ముందుకే కదా అంటావు. ఇరవై ఎనిమిదేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో నేనూ అదే పద్ధతి చూశాను, బస్సుకు కొత్త టైర్లు ముందు, అరిగినదానికే కొత్త ట్రెడ్డు అతికించిన రీట్రెడ్‌వి వెనక. బస్సు లెక్క వేరు, దానికి వెనక ఒక్కో వైపు రెండేసి టైర్లు, ముందు ఒక్కొక్కటే. కారులో వానకు ముందు చక్రాలు జారితే కారు నిటారుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలామటుకు దారికి వస్తుంది. వెనకవి జారితే కారు తిరగబడినట్టు గిర్రున తిరుగుతుంది, అప్పుడు ఎంత నేర్పు ఉన్నవాళ్లకైనా సరిచేసుకునే సమయం ఉండదు. కాబట్టి కొత్తవి వెనక్కి, వెనకున్న 4 మిల్లీమీటర్లవి ముందుకు.

టైర్లలో గాలికి బదులు నైట్రోజన్ నింపించమంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. నెలకు రెండుసార్లు పొద్దున్నే గేజి పెట్టి చూసుకుంటే ఆ మామూలు గాలే చాలు. నీకోసం ఒక గేజి, సిగరెట్ సాకెట్‌కు పెట్టుకునే చిన్న పంపు కొని డిక్కీలో పెట్టాను. టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిగ్గా నింపాకే సెట్ నొక్కాలి. కొత్త టైర్లకు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పైన నున్నటి పూత ఉంటుంది, అది అరిగేదాకా గట్టి మలుపులు, గట్టి బ్రేకులు వద్దు. అంటే ఇక్కడి నుంచి గచ్చిబౌలి వెళ్లి, ఒక వారం ఆఫీసుకు తిరిగేదాకా. బోల్టులు యాభై వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించి చూడాలి, మొదటిసారి నేనే చూసి పంపిస్తాను.

ఇంకొక్కటి. మూడు వారాలు ఎందుకు చెప్పలేదని అడగను. నేను కంగారు పడతాననే చెప్పలేదు, నాకు తెలుసు. ఇకముందు ఆ లైటు రెండోసారి వెలిగితే, అర్ధరాత్రైనా సరే, ముందు నాకు ఫోన్ చెయ్. నాకు తెలియని పని అయితే దేవుణ్ని మొక్కుకుని ఊరుకుంటాను. ఇది నాకు వచ్చిన పని బిడ్డా.

శనివారం రైలుకు రా, స్టేషన్‌కు వస్తాను. టైర్లు నువ్వు వచ్చాకే ఎక్కిద్దాం, తయారైన వారం నువ్వే చదివి చూసుకో. అమ్మ నీకోసం సకినాలు చేస్తానంటోంది. ఆ పాత టైరును షాపులో వదిలేయలేదు, తెచ్చి బావి పక్కన పెట్టాను. నువ్వు వచ్చాక ఒకసారి లోపల చేయి పెట్టి చూడు.

నీ బాపు