పులివేషం లోపల ఎవరున్నారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో జపాన్ టీవీ హీరోల మీద చిన్న ముక్క వేశారు, చివర్లో "ఫ్యాన్సీ డ్రెస్ ఫైటింగులు" అని ఒక వెటకారం కూడా తగిలించారు. నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఇరవై ఏడేళ్లుగా మిషను తొక్కుతున్న టైలర్ని. స్కూలు వార్షికోత్సవాలకి కృష్ణుడి దగ్గర్నుంచి సైనికుడి దాకా ఆ ఫ్యాన్సీ డ్రెస్సులు కుట్టేది మాలాంటివాళ్లమే, అందుకని ఆ మాట కాస్త గుచ్చుకుంది, కానీ ఉత్తరం రాస్తున్నది అందుకు కాదు.

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడూ వాడి ఫ్రెండ్స్ ఇద్దరూ ఆదివారం తెల్లారకుండానే మా షాపు అరుగు మీద చేరి ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, ఎందుకంటే జపాన్‌లో పొద్దున్న 9:30కి వచ్చే సీరియల్ అంటే మనకి 6 గంటలే. ఇప్పుడు వాళ్ల గొడవంతా 2026 ఫిబ్రవరిలో మొదలైన సూపర్ స్పేస్ షెరిఫ్ గవాన్ ఇన్ఫినిటీ అనే సీరియల్ గురించి. 1975లో గోరేంజర్‌తో మొదలైన ఐదు రంగుల సెంటాయ్ జట్లు (మన పిల్లలకి తెలిసిన పవర్ రేంజర్స్ వాటిలోంచి పుట్టిందే) 49 సీరియళ్లు నడిచి ఆగిపోతే, ఆ టైములోకి 1982 నాటి అంతరిక్ష పోలీసు హీరో గవాన్ పేరుతో దీన్ని తెచ్చారు. ఇంక చూడండి. ఒకడు ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టి "ఐదుగురు లేకండా ఏటి సూస్తాం మావయ్యా" అంటాడు. రెండోవాడు ఇదంతా బొమ్మలు అమ్ముకోడానికే అంటాడు (అది మాత్రం నిజం, సెంటాయ్ రోజుల్లోనూ అంతే కదరా అంటే ఒప్పుకోడు). మావాడు పాత గవాన్ వెండి రంగు సూటు ఫోన్లో పెట్టి దీని ముందు ఏదీ నిలబడదని వాదిస్తాడు, వాడు పుట్టడానికి పాతికేళ్ల ముందు వచ్చిన సీరియల్ అది. అందులో హీరో ఒంటి మీదకి ఆ సూటు ఎక్కడానికి 0.05 సెకండ్లే పడుతుందని వెనక నుంచి ఒక గొంతు చెబుతుంది, చెప్పి, ఏదీ మళ్లీ ఒకసారి చూద్దాం అని నెమ్మదిగా చూపిస్తుంది. నేను మాత్రం సైనికుడి డ్రెస్సుకి హుక్కులు పెట్టడానికే పది నిమిషాలు తీసుకుంటాను.

ఇన్ని మాటలు అనుకుంటారు కదా, సూటు బాగుందా లేదా, గ్రాఫిక్స్ తేలిపోయాయా, కథ సాగుతోందా అని, ఆ సూటు లోపల చెమటలు కక్కుతున్న మనిషెవరు అని మాత్రం ముగ్గురిలో ఒక్కడూ అడగలేదు. నా కళ్లు పోయేది అక్కడికే. ఆ కుట్లు చూడండి, చంకల కింద, తొడల దగ్గర ఎక్కడ వదులు ఇచ్చారో. దగ్గర్నుంచి తీసే షాట్లకి నునుపుగా, గట్టిగా ఉండే సూటు ఒకటి, దొర్లడానికి, గెంతడానికి తేలిక సూటు ఇంకొకటి విడిగా చేస్తారట. ముసుగుకి పెద్ద కళ్లు ఉంటాయి గానీ చాలావాటిలో మనిషి చూసేది వాటిలోంచి కాదు, వాటి కింద కనబడీ కనబడకుండా ఉండే సన్నటి చీలికల్లోంచి. అలా చూస్తూ పల్టీ కొట్టాలి.

మా నాన్న పులివేషం వేసేవారు, పైడితల్లమ్మ సిరిమాను జాతరకీ, దసరాకీ. ఒళ్లంతా నున్నగా గీయించుకుని, పెయింటు పూయించుకుని, ఆరేదాకా చేతులు చాపి నిలబడాలి, కూర్చుంటే తొడల దగ్గర చారలు అంటుకుపోతాయి. రాత్రికి ఇంటికొస్తే అమ్మ కిరసనాయిలు గుడ్డతో తుడిచేది, వీపు కందిపోయేది. ఎనభైల్లో దూరదర్శన్‌లో జెయింట్ రోబో వచ్చినప్పుడు, మేం పిల్లలం చేతి వాచీలో మాట్లాడి రోబోని పిలిచే ఆ కుర్రాణ్ని చూసి చప్పట్లు కొడుతుంటే, ఆయన మాత్రం "లోపల మనిసున్నాడురా, మోకాళ్లు సూడు" అన్నారు. అప్పట్నుంచీ నేను మోకాళ్లే చూస్తున్నాను.

మావాడికి ఇదే చెప్తే మొదట నవ్వాడు. తర్వాత వాడే వెతికి చూపించాడు. 1971లో మొదటి కామెన్ రైడర్ (ముసుగు వేసుకుని బైకు మీద తిరిగే హీరో సీరియల్) మొదలైన కొత్తలో హీరో హిరోషి ఫుజియోకా సూటు కూడా తానే వేసుకుని చేసేవాడట, షూటింగులో బైకు మీంచి పడి కాలు విరిగింది, దాంతో రెండో రైడర్‌ని తేవాల్సొచ్చింది, చేతులు తిప్పి "హెన్షిన్" (రూపం మారడం) అని అరిచే ఆ పోజు వచ్చింది కూడా అప్పుడే. ఆ తర్వాతి రోజుల్లో సెయిజి తకాయివా అని ఒకాయన, ఆ రైడర్ వరసలోనే 2001లో వచ్చిన అగిటో అనే సీరియల్ నుంచి 2018లో మొదలైన జియో అనే సీరియల్ దాకా, మధ్యలో ఒకటి తప్ప, ప్రతి ఏడూ ముఖ్యమైన రైడర్ సూటులో ఉన్నది ఆయనే. 2007లో వచ్చిన డెన్‌-ఓ అనే రైడర్ సీరియల్లో ఒక మెతక కుర్రాడికి నాలుగు భూతాలు ఒకదాని తర్వాత ఒకటి పూనుతాయి. మొహం కనబడదు, గొంతు వేరేవాళ్లది, ఉన్నదల్లా నడుము, భుజాలు, నడక, వాటితోనే ఇప్పుడు పూనింది ఏ భూతమో తెలిసిపోతుంది. మా వీధిలో పులి వస్తుంటే తోక ఊపు చూసి ఫలానావాడని చెప్పేసేవాళ్లం, అచ్చం అలాగే. వచ్చే ఆదివారం వీళ్లు ముగ్గురూ సూటు గురించి కొట్టుకోకుండా లోపలి మనిషి నడక చూస్తామన్నారు, చూస్తారో లేదో మరి.

ఇప్పుడు మీతో పని. ఏటా సిరిమాను మర్నాడు మీ జిల్లా పేజీలో పులివేషం ఫొటో పడుతుంది. పక్కన నిలబడ్డ నాయకుల పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా ఉంటాయి, పులికి మాత్రం "అలరించిన పులివేషం" అని ఉంటుంది. మా నాన్న ఫొటో కూడా ఒక పేపర్లో అలాగే పడింది, దాన్ని లామినేషన్ చేయించి షాపులో పెట్టుకున్నాం, వచ్చినవాళ్లందరికీ ఆ పులి మా నాన్న అని నేనే చెప్పుకోవాలి. జపాన్ హీరోల గురించి ఈసారి రాసినప్పుడు సూటు లోపలివాళ్ల పేర్లు వేయండి, మన పులుల పేర్లూ వేయండి. మీ ఫొటోగ్రాఫర్ గారికి ఒక మాట చెప్పండి, పేరు అడిగేదేదో రంగు పూయకముందే అడగమని. పూశాక మాట్లాడిస్తే మూతి దగ్గర పెయింటు పగిలిపోతుంది, మళ్లీ పూయాలి.

ఇట్లు,
ఒక టైలరు, విజయనగరం